పాత పికప్‌కి తుప్పు: క్యాబిన్ మూల, వీల్ ఆర్చ్, తొట్టి నేల. ఎక్కడ మొదలుపెట్టాలి?

తొట్టిబండి
అందరికీ నమస్కారం. నా పికప్‌కి ఇరవై ఏళ్లు దాటాయి. ఇంజిన్‌కి ఢోకా లేదు, గేర్లు మెత్తగా పడుతున్నాయి. బాధంతా బాడీతోనే. వెనక చక్రాల మీది వంపు రేకు, అదే ఆర్చ్, దాని అంచు పొడుగునా పెయింట్ పొక్కులు లేచింది. క్యాబిన్ వెనక కింది మూల, డ్రైవర్ వైపు, బొటనవేలితో నొక్కితే కరకరమంటోంది. తొట్టిలో ప్లాస్టిక్ లైనర్ ఉంది, దాని కింద ఏముందో చూడలేదు. ఛాసీ మీద పైపైన ఎర్రదనం కనిపిస్తోంది.

షాపులో చూపిస్తే "గీకి, లప్పం పెట్టి, పెయింట్ కొట్టి ఇచ్చేస్తాం" అన్నారు. నాకేమో ఇంట్లోనే చేసుకోవాలని ఉంది. గ్రైండర్ ఉంది, చిన్న మిగ్ (తీగతో అతికే) వెల్డింగ్ మిషన్ ఉంది. పల్చటి రేకు మీద చెయ్యి అంతగా తిరగలేదు. తుప్పు మీద పూసే కన్వర్టర్ ద్రావణం రాసేసి పైన పెయింట్ వేస్తే సరిపోతుందా? లేక కోసి అతకాల్సిందేనా?

నట్టుబోల్టు
ముందు ఆ లైనర్ పీకి ఫోటోలు పెట్టు బ్రదర్. అది చూడకుండా ఎవరేం చెప్పినా గాల్లో మేడలే.

రేకుపని
తమ్ముడూ, గ్రైండర్ జోలికి ఇప్పుడే పోకు. ఒక చిన్న సుత్తి, మొన ఉన్న స్క్రూడ్రైవర్, ఒక అయస్కాంతం పట్టుకుని బండి చుట్టూ తిరుగు.

పొక్కులు రెండు రకాలు. రాయి తగిలి పెయింట్ ఎగిరిన చోట పుట్టే తుప్పు బయటనుంచి లోపలికి పోతుంది. మధ్యలో చిన్న గాటు, చుట్టూ మరక కనిపిస్తాయి. గీకితే కింద తెల్లటి ఇనుము తగులుతుంది. దానికి పెద్దగా హైరానా పడక్కర్లేదు. రెండో రకంలో పెయింట్ ఎక్కడా తెగి ఉండదు, కానీ కిందనుంచి ఉబుకుతుంది. అది లోపలినుంచి బయటికి వచ్చిన తుప్పు. తుప్పు ఇనుముకంటే రెండింతలకు పైగా చోటు తీసుకుంటుంది, అందుకే పెయింట్‌ని ఎత్తి తోసేస్తుంది. పైన అర్ధరూపాయంత పొక్కు ఉంటే లోపల అరచేయంత రేకు పోయి ఉంటుందనుకుని దిగు.

సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పో. మంచి రేకు ఖంగుమంటుంది, తినేసిన రేకు చప్పగా పలుకుతుంది. అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవర్ మొన గట్టిగా నొక్కు. దిగబడితే అక్కడ రేకు లేనట్టే. అయస్కాంతం పట్టకుండా జారిపోతే కింద పాత లప్పం ఉంది. నీకంటే ముందు ఎవరో ఒకరు కప్పెట్టి పోయారన్నమాట.

వేలితో నొక్కితే కరకరమందన్నావు కదా, ఆ మూలకి ద్రావణాలూ పూతలూ లేవు. అది పోయింది.

తొట్టిబండి
అయస్కాంతం ఐడియా బాగుంది అన్నా. ఆర్చ్ దగ్గర రెండు చోట్ల పట్టలేదు. లైనర్ రేపు తీస్తాను.

లోహగుణం
కన్వర్టర్ గురించి అడిగారు కాబట్టి చెప్తాను. మార్కెట్లో దొరికేవి ఎక్కువగా రెండు ఆమ్లాల మీద ఆధారపడినవి. ఫాస్ఫారిక్ ఆమ్లం తుప్పుని ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తుంది, బూడిదరంగు పొర మిగులుతుంది. టానిక్ ఆమ్లం ఉన్నవి ఐరన్ టానేట్‌గా మారుస్తాయి, అందుకే పూసిన కాసేపటికి నలుపెక్కుతుంది. రెండూ పని చేసేది తాము తాకిన తుప్పు మీదే. పెచ్చులుగా లేచిన తుప్పు మీద పోస్తే పై పొర మారుతుంది, అడుగున ఉన్నది అలాగే ఉండి తన పని తాను చేసుకుంటుంది. కాబట్టి వదులుగా ఉన్నదంతా ముందు రాలగొట్టాలి. ఇక శుభ్రంగా మెరిసే ఇనుము మీద కన్వర్టర్ పూయడం దండగ. మార్చడానికి అక్కడ ఏమీ లేదు.

ఇంకో సంగతి. ఫాస్ఫారిక్ వాడి, కడగకుండా ఎండనిచ్చి, పైన ఎపాక్సీ ప్రైమర్ వేస్తే అది సరిగా అంటుకోదు. మిగిలిన ఆమ్లం పూతని వదులు చేస్తుంది. డబ్బా మీద కడగమని ఉంటే తప్పకుండా కడిగి, వెంటనే ఆరబెట్టాలి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నరోజు గీకిన ఇనుము గంటల్లోనే పసుపెక్కుతుంది. వట్టి చేత్తో తడిమినా చాలు, చెమటలోని ఉప్పు వేలిముద్రల్లా తుప్పు తేలుస్తుంది. గ్లవ్స్ వేసుకోండి.

గాజుపీచు
ఇంత హంగామా అవసరమా? నేను నా పాత బండి ఆర్చ్‌లకి ఫైబర్‌గ్లాస్ మ్యాట్, రెజిన్‌తో అతుకేశాను. వెల్డింగ్ లేదు, నిప్పు భయం లేదు. ఇప్పటికీ బానే ఉంది.

రేకుపని
ఎంతకాలమైంది వేసి? వెనకవైపు చూశావా?

గాజుపీచు
రెండు వానాకాలాలు గడిచాయి. వెనక ఎవరు చూస్తారు అన్నా, బయటకి నున్నగా ఉంది.

రేకుపని
అదే నేననేది. పైన పటారం, లోన లొటారం. ఫైబర్‌కి తుప్పు పట్టదు, నిజమే. దాని అంచు అంటుకున్న రేకుకి పడుతుంది. రేకుకీ ఫైబర్‌కీ మధ్య జుట్టంత సందు దొరికితే తడి చేరుతుంది, ఇక అది ఆరదు. లప్పానిదీ అదే కథ. పాలియెస్టర్ లప్పం తడి పీల్చుకుంటుంది. చిల్లు మీద లప్పం పెడితే వెనకనుంచి నీళ్లు తాగుతూనే ఉంటుంది. లప్పం పని గుంత పూడ్చడం, చిల్లు మూయడం కాదు.

నీ బండి నీ ఇష్టం అనుకో. ఏడాదో రెండేళ్లో నడిపి వదిలించుకునే బండైతే నేనూ అదే చేస్తాను. ఈ తమ్ముడు ఉంచుకునేలా ఉన్నాడు.

నట్టుబోల్టు
గొడవ ఎందుకు గానీ, రెండు భాగాలు కలిపే ప్యానెల్ గమ్ము కూడా ఉంది కదా. శుభ్రమైన ఇనుము మీద, వెనక కాస్త అంచు పెట్టి, కొత్త రేకు ముక్కని గమ్ముతో అతికితే ఆర్చ్ లాంటి చోట బాగానే నిలుస్తుంది. సీటు బెల్టు బిగించేచోట, క్యాబిన్ ఛాసీకి కూర్చునేచోట మాత్రం గమ్ము పనికిరాదు.

తొట్టిబండి
లైనర్ తీశాను. చెప్పడానికే సిగ్గుగా ఉంది. అడుగున ఇసుక, ఆకులు, తడి. నేల గాడుల్లో పెయింట్ అరిగిపోయి ఎర్రగా ఉంది. క్యాబిన్ వైపు చివర, అడ్డబద్దీ మీద రేకు కూర్చునే చోట రెండు చిల్లులు పడ్డాయి. మిగతాదంతా గట్టిగానే మోగుతోంది.

క్యాబిన్ మూలలో స్క్రూడ్రైవర్ నొక్కితే దిగబడింది. బయటకి లాగితే మొనకి నల్లటి తడి మట్టి అంటుకుని వచ్చింది. వానపడి చాలా రోజులైంది, మరి ఆ తడి ఎక్కడిది?

లోహగుణం
లైనర్ విషయంలో ఆశ్చర్యం ఏమీ లేదు. లోపల పెట్టే ప్లాస్టిక్ లైనర్ దెబ్బలనుంచి కాపాడుతుంది గానీ, కింద చేరిన ఇసుకతో కలిసి ఉప్పుకాగితంలా పెయింట్‌ని రుద్దుతుంది. అరిగిన చోటే తడి కూడా నిలుస్తుంది. ఉప్పుగాలి తగిలే చోటో, రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లే చోటో తిరిగిన బండైతే ఇంకా త్వరగా పోతుంది. ఉప్పు కలిసిన నీరు కరెంటుని బాగా మోస్తుంది, తుప్పంటేనే విద్యుత్ రసాయన చర్య.

రేకుపని
ఇప్పుడడిగావు తమ్ముడూ అసలు ప్రశ్న. ఆ తడి ఎక్కడిదో తేలేదాకా వెల్డింగ్ రాడ్డూ వద్దు, డబ్బా మూతా తీయొద్దు. నీళ్లు వచ్చేదారి మూయకుండా ఎంత బాగా అతికినా మళ్లీ అదే మూల పోతుంది.

ఒకరు క్యాబిన్‌లో టార్చితో కూర్చోవాలి. సీటు వెనక కార్పెట్టు, దాని కింది మెత్త ముందే తీసేయండి. ఇంకొకరు బయటనుంచి సన్నటి ధారతో కిందనుంచి పైకి వస్తూ తడపాలి. మొదటే కప్పు మీద పోస్తే నీళ్లు అన్నిచోట్లా కారతాయి, ఎక్కడ దూరాయో తెలియదు. ముందు వెనక అద్దం కింది రబ్బరు, తర్వాత పక్కలు, తర్వాత పై అంచు. ఒక్కోచోట కాసేపు ఆగు. చివరగా క్యాబిన్ వెనక పైన ఉండే మూడో బ్రేక్ లైటు. దాని వాషర్ ఎండిపోయి కారడం పికప్‌లలో మామూలే, దాన్ని మాత్రం ఎవరూ అనుమానించరు.

ముందు అద్దం కింద, వైపర్లు ఉండే గూట్లో ఆకులు పేరుకుంటే ఆ నీళ్లు పక్కలకి దిగి తలుపుల కింద ఉండే బోలు రేకులో, అంటే రాకర్ ప్యానెల్లో చేరతాయి. తలుపుల అడుగున నీళ్లు పోయే కన్నాలు మూసుకుపోయాయేమో సన్నటి తీగతో పొడిచి చూడు.

తొట్టిబండి
రేకుపని అన్నా, దండం! మూడో బ్రేక్ లైటే. మా బావ లోపల కూర్చున్నాడు. అద్దం చుట్టూ ఎంత తడిపినా చుక్క లేదు. లైటు మీద ధార పెట్టగానే "వస్తోంది, వస్తోంది" అని అరిచాడు. వెనక గోడ లోపల సన్నటి గీతలా జారి నేరుగా ఆ మూలకే దిగుతోంది. కార్పెట్టు కింద మెత్త పిండితే నీళ్లు కారాయి. లైటు వాషర్ కొత్తది వేస్తున్నాను. డ్రైవర్ వైపు తలుపు అడుగున రెండు కన్నాలు పూర్తిగా పూడిపోయి ఉన్నాయి, పొడిస్తే అరగ్లాసు బురద నీళ్లు వచ్చాయి.

కొత్తచక్రం
మధ్యలో దూరినందుకు క్షమించండి. బ్యాటరీకి తగిలించే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె పెడితే తుప్పు ఆగుతుందని ఒక ప్రకటన చూశాను. పని చేస్తుందా?

లోహగుణం
చేయదు. ఓడలకీ, భూమిలో పాతిన పైపులకీ కరెంటుతో తుప్పుని ఆపే అలాంటి పద్ధతి, కాథోడిక్ రక్షణ, పని చేస్తుంది. అక్కడ లోహం చుట్టూ ఎప్పుడూ నీరో తడి మట్టో ఉంటుంది, కరెంటు తిరిగొచ్చే దారి అదే. గాలిలో నిలబడ్డ బండికి ఆ దారి లేదు. ఆ డబ్బుతో మైనం స్ప్రే కొనుక్కోండి.

నట్టుబోల్టు
తొట్టి చిల్లులు బాగుచేయాలంటే తొట్టి దించక తప్పదు. మామూలుగా ఆరో ఎనిమిదో బోల్టులు ఉంటాయి. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పోసి వదిలేయ్, పొద్దున్నే మళ్లీ పోయ్. బోల్టు మొండికేస్తే బిగించేవైపు కొంచెం తిప్పి, తర్వాత విప్పు. అదాటున లాగితే తల తెగుతుంది. దించేముందు డీజిల్ పోసే గొట్టం విప్పాలి, వెనక లైట్ల వైరు ఊడదీయాలి, ఛాసీకి తొట్టికి మధ్య ఎర్త్ పట్టీ ఉంటే అది కూడా. నలుగురు మనుషులుంటే ఎత్తేయొచ్చు.

తొట్టి తీశాక అసలు సినిమా మొదలవుతుంది. ఛాసీ పైభాగం, ఆకు స్ప్రింగుల సంకెళ్లు బిగించేచోటు, అడ్డబద్దీలు, అన్నీ కనిపిస్తాయి. అన్నిటికంటే ముందు బ్రేక్ పైపులు చూడు. ఛాసీని పట్టుకునే క్లిప్పుల కింద తడి నిలిచి పైపు ఉబుకుతుంది. బాడీకి చిల్లు పడితే చూడ్డానికి బాగోదు, అంతే. బ్రేక్ పైపు పగిలితే ప్రాణం మీదకొస్తుంది.

రేకుపని
దీనికి నా రెండు చేతులూ ఎత్తుతాను. ఛాసీని సుత్తితో గట్టిగానే కొట్టు. నాలుగువైపులా మూసిన డబ్బా ఛాసీ అయితే బయట బాగుండి లోపల పోయి ఉండొచ్చు, కన్నాల్లోంచి టార్చి వేసి చూడు. పొరలు పొరలుగా ఊడుతుంటే ఎంత మందం మిగిలిందో తేల్చుకో. ఛాసీకి అతుకు వేయాల్సి వస్తే ఇంట్లో వద్దు, తెలిసినవాడికి అప్పజెప్పు. ఛాసీ బద్దీకి అడ్డంగా, నిటారుగా వెల్డింగ్ గీత వేస్తే సరిగ్గా ఆ గీత పక్కనే పగులుతుంది. అందుకే తెలిసినవాళ్లు అతుకు రేకుని ఏటవాలు చివర్లతో కోస్తారు.

తొట్టిబండి
తొట్టి దించాం. ఛాసీ మోగుడు బాగుంది, పైపైన తుప్పే. వెనక బ్రేక్ పైపు ఒకచోట క్లిప్పు కింద గుంతలు పడి ఉంది, మొత్తం మార్చేస్తున్నాను. ఇప్పుడు క్యాబిన్ మూల కోత. రెడీమేడ్ మూల ముక్క దొరికింది. వెల్డింగ్ గురించి చెప్పండి, ఇక్కడే భయంగా ఉంది.

చక్రధారి
చదువుతూ ఊరుకున్నాను గానీ ఇక్కడ ఒకటి చెప్పకపోతే నిద్ర పట్టదు. వెల్డింగ్ చేసే రేకుని బ్రేక్ క్లీనర్ స్ప్రేతో తుడవొద్దు. క్లోరిన్ ఉన్న రకమైతే, ఆర్క్ వేడికీ వెలుతురుకీ ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. కొంచెం పీల్చినా ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, గంటల తర్వాత గానీ లక్షణాలు బయటపడకపోవచ్చు. అసిటోన్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక, డబ్బానీ గుడ్డనీ దూరంగా పెట్టి అప్పుడు మొదలుపెట్టండి.

బ్యాటరీ తీగలు ఊడదీయండి. ఎర్త్ క్లాంపు అతికేచోటుకి పక్కనే పెట్టండి, కరెంటు బేరింగుల్లోంచో కంప్యూటర్ పెట్టెలోంచో తిరగకూడదు. క్యాబిన్ లోపల ఆ వైపు కార్పెట్టు, మెత్త, వైర్లు, సీటు బెల్టు అన్నీ తీసేయాలి. లోపల ఒక మనిషి నీళ్ల సీసాతో కాపలా ఉండాలి. పని ఆపాక కూడా గంటసేపు బండి దగ్గరే ఉండండి, గోడ లోపల నిప్పు మెల్లగా రాజుకోవచ్చు. జింకు పూత ఉన్న రేకైతే అతికేచోట ఆ పూత గీకేయండి, ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. చాలా పాత బండ్ల పెయింట్లో సీసం ఉండొచ్చు, గీకేటప్పుడు దుమ్ము మాస్కు తప్పనిసరి.

రేకుపని
చక్రధారి గారు చెప్పినవన్నీ పాటించు. ఇక చెయ్యి సంగతి.

బాడీ రేకు 0.8 మి.మీ. అటూఇటూ ఉంటుంది. 0.6 మి.మీ. తీగ, గ్యాసుతో నడిచే మిగ్ అయితే సుఖం. గ్యాసు లేని ఫ్లక్స్ తీగ వేడి ఎక్కువ, చిల్లు పెట్టేస్తుంది. పాడైన మేరకే కోసి ఆగిపోకు, దాని చుట్టూ గట్టి రేకు తగిలేదాకా కోయి. రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ పోయినా పర్లేదు. మూలలు గుండ్రంగా కోస్తే వేడి ఒకచోట పేరుకోదు.

గీత లాగొద్దు. చుక్కలు పెట్టు. ఇక్కడొక చుక్క, దానికి ఎదుటివైపు ఇంకొకటి, మళ్లీ పక్కకి. చెయ్యి పెట్టి చూడు, వేడిగా ఉంటే ఆగు. తొందరపడితే రేకు ఉప్పొంగుతుంది, దాన్ని సరిచేయడం అతకడంకంటే కష్టం. సందు ఎక్కువైతే వెనక రాగి ముక్క పట్టుకో, రాగికి వెల్డింగ్ అంటదు. ముందు అదే మందం ఉన్న పనికిరాని రేకు మీద చెయ్యి తిప్పుకో. నీ మిషన్ ఎక్కడ చిల్లు పెడుతుందో అక్కడే తెలుస్తుంది.

మూల కోశాక లోపలి రేకు చూడు. బయటి ముక్క ఒక్కటే మార్చి, లోపలిది కుళ్లి ఉన్నా వదిలేసేవాళ్లు చాలామంది.

తొట్టిబండి
మూల అతికాను! లోపలి రేకులో అరచేతిలో సగమంత మార్చాల్సి వచ్చింది. అందంగా లేదు గానీ గట్టిగా ఉంది. ఇప్పుడు పూతల వరస చెప్పండి. రెడ్ ఆక్సైడ్ వేసేయనా?

లోహగుణం
మామూలు రెడ్ ఆక్సైడ్, గీకడానికి వేసే మందపాటి ప్రైమర్, ఇవి చాలావరకు తడి పీలుస్తాయి. అలా ప్రైమర్ మీదే నెలల తరబడి తిప్పితే కిందనుంచి మళ్లీ తుప్పే. శుభ్రమైన ఇనుము మీద మొదట రెండు భాగాలు కలిపే ఎపాక్సీ ప్రైమర్ వేయండి. లప్పం అవసరమైతే ఎపాక్సీ మీద పెట్టండి, దాని మీద మళ్లీ ప్రైమర్, ఆపైన రంగు. రెండు పూతల మధ్య ఎంతసేపు ఆగొచ్చో డబ్బా మీద రాసి ఉంటుంది. అది దాటితే గీకి వేయాలి. అతుకుల మీద సందులు మూసే సీమ్ సీలర్ మర్చిపోవద్దు, అది కూడా ఎపాక్సీ ఆరాకే.

గట్టిపరిచే ద్రవం కలిపే రంగుల్లో ఊపిరికి హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి. స్ప్రే చేస్తే మామూలు దుమ్ము మాస్కు ఏమాత్రం చాలదు, బయటిగాలి అందించే మాస్కు కావాలి. అది లేకపోతే రంగు మాత్రం షాపులో వేయించండి. అతుకు మీ చేతిది, ఎపాక్సీ బ్రష్‌తో మీరే వేసుకుంటారు, ఇక రంగుకి షాపు మీద నమ్మకం పెట్టొచ్చు.

ఛాసీకి తేమతో గట్టిపడే యూరథేన్ పెయింట్ బాగుంటుంది. అది నున్నటి ఇనుము మీదకంటే గరుకు మీద బాగా పట్టుకుంటుంది. ఎండ తగిలేచోట మాత్రం పైన ఇంకో పూత ఉండాలి.

గాజుపీచు
అడుగున నల్ల రబ్బరు పూత కొట్టిస్తే చాలదా? అందరూ అదే చేయిస్తారు.

రేకుపని
కొత్త బండికి చేయిస్తే సరే. పాత బండికి తుప్పు మీద కొడితే ఆ రబ్బరు గట్టిపడి బీటలిస్తుంది, బీటలోంచి తడి దూరి రబ్బరు వెనక దాక్కుంటుంది. పైకి నల్లగా నిగనిగలాడుతుంది, గోకితే పలకలు పలకలుగా తుప్పుతో సహా ఊడుతుంది. గట్టిపడని మైనమో, లానోలిన్ (గొర్రె ఉన్ని జిడ్డు) నూనె రకమో నయం. జిడ్డుగా ఉంటుంది, దుమ్ము అంటుకుంటుంది, ఏటా మళ్లీ కొట్టాలి. ఆ చాకిరీ ఉన్నా అదే మంచిది, గీత పడ్డా తనంతట తాను పాకి కప్పుకుంటుంది.

మూల లోపల, రాకర్ లోపల, తలుపుల అడుగున, బోలు చోట్లకి వాడే క్యావిటీ మైనం కొట్టు. పొడుగు గొట్టం, చివర అన్నివైపులా చిమ్మే ముక్కు ఉన్న స్ప్రే దొరుకుతుంది. గొట్టం చివరిదాకా తోసి, చిమ్ముతూ మెల్లగా వెనక్కి లాగు. కన్నాల్లోంచి మైనం కారిందంటే లోపల నిండిందని లెక్క. కారాక ఆ కన్నాలు మళ్లీ తీగతో పొడువు, లేకపోతే నీళ్లు పోయేదారి నువ్వే మూసినవాడివవుతావు. ఇది మాత్రం రంగు, వెల్డింగ్ అన్నీ అయ్యాకే. మైనం ఉన్నచోట వెల్డింగ్ పెడితే మంట లేస్తుంది.

తొట్టిబండి
అర్థమైంది అన్నా. తొట్టి వెనక తలుపు కీళ్లు, గొళ్లేలు చిన్న ముక్కలు, బాగా తుప్పు పట్టాయి. గీకుతుంటే మూలలకి బ్రష్ పోవట్లేదు.

లోహగుణం
వాటికి విద్యుత్ విశ్లేషణ చక్కగా సరిపోతుంది. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు, కాస్త వాషింగ్ సోడా. ముక్కని బ్యాటరీ ఛార్జర్ నెగటివ్‌కి, పనికిరాని మామూలు ఇనుప రేకుని పాజిటివ్‌కి తగిలించండి, రెండూ తాకకూడదు. స్టెయిన్‌లెస్ స్టీలు మాత్రం వాడొద్దు, దానిలోని క్రోమియం విషపదార్థంగా నీళ్లలోకి దిగుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయట పెట్టండి, ముక్కలు సర్దేముందు కరెంటు ఆపండి. తీశాక నల్లటి మసి బ్రష్‌తో పోతుంది, వెంటనే ఆరబెట్టి ప్రైమర్ వేయండి.

కొత్తచక్రం
ఈ చర్చ సేవ్ చేసుకున్నాను. నా బండి మూడో బ్రేక్ లైటు కూడా రేపు తడిపి చూస్తాను.

నట్టుబోల్టు
తొట్టిబండి బ్రదర్, తొట్టి ఎక్కించేముందు ఇంకొకటి. తొట్టికీ ఛాసీకీ మధ్య కూర్చునేచోట్ల రెండువైపులా ఎపాక్సీ, పైన మైనం. పాత బోల్టులు మళ్లీ వాడకు, కొత్తవి తెచ్చి మరలకి గ్రీజు పెట్టు. లైనర్ సంగతేంటి, మళ్లీ వేస్తావా?

తొట్టిబండి
వేయను. చిల్లులు అతికి, ఎపాక్సీ వేసి, నేల మీద స్ప్రే లైనర్ కొట్టిస్తాను. సామాను జారకుండా పైన రబ్బరు చాప పరుస్తాను, వాన పడితే ఎత్తి ఆరబెట్టుకోవచ్చు. వీల్ ఆర్చ్‌లు వచ్చే వారం మొదలుపెడతాను. అయస్కాంతం పట్టనిచోట పాత లప్పం గీకి చూస్తే కింద వార్తాపత్రిక ముక్క కుక్కి ఉంది!

రేకుపని
హహ్హహ్హ! మా వృత్తివాళ్ల పరువు తీశావు. ఆ కాగితం లాగి, చిల్లు ఎంతుందో కొలిచి ఫోటో పెట్టు. ఆర్చ్ లోపలి రేకూ బయటి రేకూ కలిసే మడత దగ్గర స్క్రూడ్రైవర్ ఎంత దూరం దిగుతుందో కూడా చూడు. రెడీమేడ్ ముక్క ఎంత పెద్దది తేవాలో అప్పుడు చెప్తాను.